మొదటి అతుకుల బొంతకి కోసిన ముక్కల ప్యాక్ కొనాలా, ఇంట్లో జాకెట్టు గుడ్డలే కోసుకోవాలా

మన శ్రీకాకుళం, విజయనగరం వైపు బొంత కుట్టడం ఎవరికీ కొత్త కాదు. పాత చీరలు మడతలు వేసి, చుట్టూ టాకాలు వేసి, చేత్తో వరసలు వరసలుగా కుట్టుకుంటూ పోవడం ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర చూస్తూ పెరిగినవాళ్ళమే, పసిపిల్లల కిందికి ఇప్పటికీ అదే వేస్తాం. ఇప్పుడు చాలామందికి మనసు పడుతున్నది మాత్రం ఇంకో రకం మీద. రకరకాల పువ్వుల గుడ్డలు ఒకే కొలత చదరాలుగా కోసి, వాటిని అతికి పైపొర చేసి, మధ్యలో మెత్తటి పొర పెట్టి, కింద ఇంకో గుడ్డ వేసి మూడూ కలిపి మిషన్ మీద కుట్టే అతుకుల బొంత, అదే క్విల్ట్. దీనికి ముక్కలు ఎక్కడి నుంచి తేవాలన్నదే మొదటి చిక్కు. కోసిపెట్టిన ముక్కలు ప్యాక్‌గా ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి, జాకెట్టు గుడ్డలు ఇంట్లోనే ఉన్నాయి, టైలర్ దగ్గరికి వెళ్తే సంచీడు పీలికలు ఊరికే ఇస్తాడు.

నా మాట ముందే చెప్పేస్తాను. గుడ్డకి కత్తెర పెట్టాలంటేనే టెన్షన్ పడేవాళ్ళు, ఇంట్లో టేపు, కత్తెర తప్ప ఇంకేమీ లేనివాళ్ళు, మొదటి బొంతకి 5 అంగుళాల చదరపు ముక్కల ప్యాక్ కొనుక్కోండి, అదీ ఒక్కటే. జాకెట్లు, పంజాబీ డ్రెస్సులు కుట్టడం వచ్చినవాళ్ళకి ప్యాక్ అక్కర్లేదు, బీరువాలో పేరుకుపోయిన జాకెట్టు ముక్కలు చాలు. టైలర్ పీలికలతో మొదలుపెట్టడం మాత్రం ఎవరికీ వద్దంటాను. ఊరికే వస్తున్నాయి కదా అని చాలామంది అక్కడే మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. ఎందుకో కింద చెప్తాను.

ప్యాక్‌లో ఏమొస్తుంది

ఈ కోసిన ముక్కల పద్ధతిని బాగా వాడుకలోకి తెచ్చింది అమెరికాలో క్విల్ట్ గుడ్డలు తయారుచేసే కంపెనీలు, అందుకే కొలతలన్నీ అంగుళాల్లో ఉంటాయి, పేర్లు కూడా వాళ్ళు పెట్టినవే నడుస్తున్నాయి. 5 అంగుళాల చదరాల కట్టని చార్మ్ ప్యాక్ అంటారు. 10 అంగుళాలవైతే లేయర్ కేక్, రెండున్నర అంగుళాల చిన్నవైతే మినీ చార్మ్. రెండున్నర అంగుళాల వెడల్పుతో పన్నా పొడవునా కోసిన పట్టీలు చుట్టగా చుట్టి అమ్మితే అది జెల్లీ రోల్. మోడా కంపెనీ చార్మ్ ప్యాక్‌లో మామూలుగా 42 ముక్కలుంటాయి, మిగతావాళ్ళ ప్యాకుల్లో లెక్క మారుతుంది కాబట్టి డబ్బు కట్టే ముందు ఎన్ని ముక్కలో చదువుకోండి.

ఒక ప్యాక్‌లో గుడ్డలన్నీ ఒకే వరసలో డిజైన్ చేసినవి. అంటే ఒక పెద్ద పువ్వుల గుడ్డ, దానికి జతగా చిన్న పువ్వులు, చుక్కలు, గళ్ళు, ఒకటో రెండో దాదాపు ఉత్త రంగు గుడ్డలు, అన్నీ ఒకే రంగుల కుటుంబం. ఏ ముక్క పక్కన ఏ ముక్క పెట్టినా కొట్టుకోదు. రంగులు కలపడం దగ్గరే భయపడే మనిషికి ఇది చాలా పెద్ద సాయం, దీన్ని నేను తక్కువ చేసి చెప్పను. డిజైన్లు తక్కువున్న వరసైతే కొన్ని ముక్కలు రెండేసి వస్తాయి, అది లోపం కాదు. పెద్ద పువ్వుల గుడ్డ మాత్రం 5 అంగుళాలకి కోసేసరికి పువ్వు సగం ఒక ముక్కలో, ఆకు కొస ఇంకో ముక్కలో పడుతుంది. ఫొటోలో మొత్తం గుడ్డ చూపించి మురిపిస్తారు, మీ చేతికి వచ్చేది ముక్క, అది మనసులో పెట్టుకుని చూడండి.

మరి 5 అంగుళాలే ఎందుకు? కుట్టులోకి నాలుగు పక్కలా పావేసి అంగుళం పోతుంది. 5 అంగుళాల ముక్క బొంతలో నాలుగున్నర అంగుళాలుగా కనిపిస్తుంది, రెండున్నర అంగుళాల ముక్క 2 అంగుళాలకి దిగిపోతుంది. అంటే అంతే జాగా నింపడానికి చిన్న ముక్కలు అయిదింతలు కావాలి, అన్ని కుట్లూ కావాలి, మొదటిసారి కుట్టేవాళ్ళకి ఓపిక అక్కడే అయిపోతుంది. 10 అంగుళాలవి తొందరగా అయిపోతాయి, నిజమే, కానీ 42 ముక్కలు అడ్డంగా 6, నిలువుగా 7 చొప్పున కుడితే 57 అంగుళాలకి 66న్నర అంగుళాల బొంత తయారవుతుంది. పైపొర కుట్టడం వరకు బాగానే ఉంటుంది, మూడు పొరలు కలిపి ఇంటి మిషన్ చెయ్యి కింద చుట్టచుట్టి తోసేటప్పుడు తెలుస్తుంది దాని బరువు. పట్టీల చుట్ట చూడ్డానికి ముద్దొస్తుంది, కానీ పొడుగాటి పట్టీలు అన్నీ ఒకే వైపు నుంచి కుట్టుకుంటూ పోతే గుడ్డ విల్లులా వంగుతుంది, ఒకటి ఇటు నుంచి, ఇంకొకటి అటు నుంచి కుట్టాలి. ఇవన్నీ రెండో బొంతకి ఉంచుకోండి.

5 అంగుళాలవి 42 ముక్కలు అదే 6, 7 లెక్కన కుడితే 27 అంగుళాలకి 31న్నర. ఉయ్యాల్లో పసిబిడ్డ కిందికి సరిపోతుంది, ఒళ్ళో వేసుకోవడానికి సరిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, మొదలుపెట్టినవాళ్ళు పూర్తి చేయగల సైజు అది.

పని చెడేది ఎక్కడ

ప్యాకా, సొంతంగా కోసుకోవడమా అన్నది చాలామంది ధర మీద తేల్చేస్తారు. నేను అలా తేల్చను. అతుకుల బొంతలో మూలలు కలవకపోవడానికి కారణాలు రెండే, ముక్క కొలత తప్పడం, కుట్టు వెడల్పు తప్పడం. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఈ రెండూ ఒకేసారి తప్పితే తప్పు ఎక్కడుందో పట్టుకోలేరు. కోసిన ముక్కలు కొనుక్కుంటే మొదటిది మీ నెత్తిన ఉండదు, మూల కలవలేదంటే చాలావరకు అది కుట్టు దగ్గరే, అక్కడే సరిచేసుకోవచ్చు. ప్యాక్‌కి పెట్టే డబ్బు నా లెక్కలో గుడ్డకి పెట్టినది కాదు, ఈ నేర్చుకోవడానికి పెట్టినది.

కుట్టు వెడల్పు కొంచెం తప్పితే ఏమవుతుందిలే అనుకోకండి. వరసకి 7 ముక్కలుంటే 6 కుట్లు. ఒక్కో కుట్టు పావు అంగుళం కన్నా 1/16 అంగుళం లోపలికి పడిందనుకోండి, అది రెండు ముక్కల్లోంచీ తింటుంది, అంటే కుట్టుకి 1/8 అంగుళం, వరస మొత్తం మీద ముప్పావు అంగుళం పోయింది. పక్క వరస సరిగ్గా కుట్టారనుకోండి, రెండూ పక్కపక్కన పెడితే ఎలా కలుస్తాయి? మన కాలు మిషన్లలో ఎక్కువగా పాదం అంచు సూదికి సరిగ్గా పావు అంగుళం దూరంలో ఉండదు. అందుకే ప్యాక్ విప్పకముందే ఏదో ఒక పాత కాటన్ గుడ్డలోంచి ఒకటిన్నర అంగుళం వెడల్పు పట్టీలు మూడు కోసి, పక్కపక్కన కుట్టి, ఇస్త్రీ చేసి, మధ్య పట్టీ కొలవండి. సరిగ్గా 1 అంగుళం వస్తే మీ కుట్టు పావు అంగుళం పడుతున్నట్టు. తక్కువొస్తే కుట్టు వెడల్పైంది, ఎక్కువొస్తే సన్నమైంది. సరైన దూరం దొరికాక మిషన్ పలక మీద ఆ గీత వెంట గుండ్రటి చుట్టగా దొరికే తెల్ల ప్లాస్టర్ రెండు మూడు పొరలు అంటించండి. గుడ్డ అంచు దానికి తగిలి వెళ్తుంది, కళ్ళతో కొలుచుకునే పని ఉండదు.

ప్యాక్ ముక్కల అంచులు చాలావాటికి రంపం పళ్ళలా కోసి ఉంటాయి, దారాలు ఊడకుండా. ఇక్కడ కొత్తవాళ్ళు తికమకపడతారు, కొలత పంటి కొస దాకానా, పంటి లోపలి దాకానా అని. కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి ఒక ముక్క తీసి స్కేలు పెట్టి చూడండి. కొస నుంచి కొసకి 5 వస్తే కొసనే ప్లాస్టర్‌కి ఆనించండి, లోపలి నుంచి 5 వస్తే లోపలిది. ఏదైనా సరే బొంత అయ్యేదాకా అదే పాటించాలి, మధ్యలో మార్చకూడదు.

ఇంకొకటి గట్టిగా చెప్తున్నాను, కోసిన ముక్కల్ని ముందుగా ఉతకకండి. చిన్న ముక్కలు నీళ్ళలో పడితే అంచులు దారాలు దారాలుగా ఊడతాయి, ఒక్కొక్కటి ఒక్కోలా కుంచించుకుపోతుంది, మీరు డబ్బిచ్చి కొన్న కొలత కాస్తా పోతుంది. మరి రంగు దిగుతుందేమో అంటే, ఎరుపు, ముదురు నీలం, మెరూన్ ముక్కల మీద తడి తెల్ల గుడ్డ గట్టిగా రుద్ది చూడండి. తెల్ల గుడ్డకి రంగు అంటితే ఆ ముక్క పక్కన పెట్టేసి వేరేది వాడుకోండి. ఉప్పు నీళ్ళలో నానబెడితే రంగు నిలుస్తుందన్న నమ్మకం మీద బొంత మొత్తాన్ని పణంగా పెట్టొద్దు.

జాకెట్టు గుడ్డలతో అయితే

మన ఇళ్ళల్లో ఈ గుడ్డలకి కరువు లేదు. పేరంటానికి వెళ్తే ఒకటి, గృహప్రవేశానికి వెళ్తే ఒకటి, పండక్కి పుట్టింటికి వెళ్తే ఇంకో రెండు. అవి మళ్ళీ ఎవరికో బొట్టు పెట్టి ఇచ్చేదాకా బీరువాలో కూర్చుంటాయి. జాకెట్టు గుడ్డ ఎక్కువగా 80 సెంటీమీటర్లో, మీటరో ఉంటుంది. 80 సెంటీమీటర్లంటే 31న్నర అంగుళాలు. ఉతికాక తగ్గేది తీసేస్తే 5 అంగుళాల వరసలు 5 నుంచి 6 దాకా వస్తాయి, పన్నా 44 అయితే వరసకి 8 ముక్కలు, 36 అయితే అంచులు పోను 6. అంటే ఒక్క జాకెట్టు గుడ్డలోంచే ప్యాక్‌కి దగ్గర దగ్గరగా ముక్కలొస్తాయి.

అయితే ఒకే రంగు ముక్కలు 42 మనకెందుకు? ఏడు వేర్వేరు గుడ్డలు తీసుకుని, ఒక్కోదాన్నుంచి 5 అంగుళాల పట్టీ ఒక్కటే అడ్డంగా కోస్తే, పట్టీకి 6 ముక్కల చొప్పున 42 అయిపోతాయి. మిగిలిన గుడ్డ సంచీలకో, దిండు గలీబులకో, వెనక పొరకి అతకడానికో ఉంటుంది. నాకు అన్నిటికన్నా నచ్చిన దారి ఇదే. ఏ గుడ్డ ఎవరు పెట్టారో గుర్తుంటుంది, బొంత పరిచినప్పుడు ఇది అత్తమ్మ ఇచ్చింది, ఇది పెద్దమ్మ ఇచ్చింది అని చూపించుకోవచ్చు. ప్యాక్‌లో అది రాదు.

కానీ ఇది ముందు పని ఎక్కువున్న దారి. మొదట ఏది నిజంగా కాటనో తేల్చుకోవాలి. పైన కాటన్ అని రాసినా, పట్టుకుంటే మెత్తగా ఉన్నా, నమ్మకండి. అంచు నుంచి నాలుగు దారాలు లాగి, పట్టకారుతో పట్టుకుని, సింకు దగ్గర నిప్పు అంటించండి. కాటన్ అయితే కాగితం కాలిన వాసన వస్తుంది, వేలితో నలిపితే పొడి బూడిద. పాలిస్టర్ కలిస్తే కరిగి ముడుచుకుని చివర గట్టి పూసలా తయారవుతుంది. ఆ పూస చల్లారేదాకా ముట్టుకోకండి. పాలిస్టర్‌ది ఇస్త్రీకి కాటన్‌లా లొంగదు, కుట్టు మడత కూర్చోదు, ఒకే బొంతలో రెండూ కలిపితే ఒకటి కుంచించుకుని రెండోది అలాగే ఉండి మధ్యలో ముడతలు పడతాయి.

కాటనే అని తేలాక, ప్యాక్‌కి ఏది వద్దన్నానో ఇక్కడ అదే తప్పకుండా చేయాలి. కోయకముందే గుడ్డ మొత్తం ఉతకాలి. మామూలు కాటన్ మొదటి ఉతుకులో నూటికి మూడు నుంచి అయిదు వంతుల దాకా తగ్గుతుంది. తర్వాత పల్చటి గంజి పెట్టండి, నూలు చీరకి పెట్టినట్టే. కొంచెం తడి ఉండగానే ఇస్త్రీ చేస్తే గుడ్డ కాగితంలా నిలబడుతుంది, కత్తెర కింద జారదు, అంచు సాగదు, పావు అంగుళం కుట్టు ఎంత తేలికగా పడుతుందో మీకే తెలుస్తుంది. గంజి పెట్టిన ముక్కల్ని మాత్రం నెలల తరబడి దాచకండి, పురుగులు గంజికే వస్తాయి. వానాకాలంలో మన తీరప్రాంతపు చెమ్మకి గంజి గుడ్డ వాసన కూడా పడుతుంది. కుట్టదలుచుకున్నప్పుడే గంజి పెట్టండి, బొంత అయ్యాక ఒకసారి ఉతికితే అదే పోతుంది.

కోయడానికి చక్రం కత్తి, దాని కింద వేసే మ్యాటు, మందపాటి పారదర్శక స్కేలు ఉంటే పని నిమిషాల్లో అయిపోతుంది. మూడూ కలిపితే ఖర్చే, ఒక్క బొంత కోసం కొనమని నేను చెప్పను. సన్‌మైకా కోసే దుకాణంలో సరిగ్గా 5 అంగుళాల చదరం ఒకటి కోయించుకోండి. తెచ్చుకున్నాక నాలుగు పక్కలూ కొలిచి ఊరుకోకుండా మూల నుంచి మూలకి కూడా కొలవండి. రెండు వైపులా ఒకటే రావాలి, 7 అంగుళాల మీద వెంట్రుక వాసి. అలా రాకపోతే అది చదరం కాదు, ఏటవాలుగా ఉంది. ఆ అచ్చు గుడ్డ మీద పెట్టి సన్నటి పెన్సిల్‌తో గీసి, గీతకి లోపలి వైపు కోయండి. గీత మీదో బయటో కోస్తే ప్రతి ముక్కా గీత మందం అంత పెద్దదవుతుంది, అది వరసకి వచ్చేసరికి ఎంతవుతుందో పైన చెప్పిన లెక్కే. సుద్దతో గీయొద్దు, టైలర్ సుద్ద గీత దీనికి మరీ లావు.

అచ్చు పెట్టేటప్పుడు ఒక పక్క గుడ్డ అంచుకి సమానంగా ఉండాలి. నిలువు దారం, అడ్డ దారం ఎటుపోతే అటే ముక్క పోవాలి. క్రాస్‌గా పడితే ముక్క లాగితే సాగుతుంది, కుట్టేటప్పుడు కింద ముక్క ఒకలా, పైన ముక్క ఇంకోలా నడుస్తుంది. దుకాణంలో మీటరు గుడ్డ చించి ఇస్తారు చూడండి, ఆ చిరిగిన అంచు దారం వెంట తిన్నగా పోతుంది కానీ సాగి అలల్లా ఉంటుంది, దాన్ని ఇస్త్రీ చేసి అర అంగుళం తీసేసి అక్కడి నుంచి కొలవండి.

ఇంట్లో లేకపోతే కొనుక్కోవడానికి విజయనగరంలో గంటస్తంభం చుట్టుపక్కలా, శ్రీకాకుళంలో జీటీ రోడ్డు మీదా బట్టల దుకాణాలకి లోటు లేదు. మ్యాచింగ్ సెంటర్‌కి వెళ్ళి కాటన్ పాప్లిన్ అని అడగండి, ఒక్కో రంగు పావు మీటరు ఇమ్మనండి. పావు మీటరు దగ్గర దగ్గర 10 అంగుళాలు, ఉతికి తగ్గినా ఒక పట్టీకి నిశ్చింతగా వస్తుంది. పావు మీటరు ఇవ్వం అంటే అర మీటరు తీసుకుని ఇంకొకరితో పంచుకోండి.

మా వీధిలో ఒక అమ్మాయి ఇదంతా విని "ఏటి పిన్నీ, బాగున్న గుడ్డ డబ్బులిచ్చి కొనుక్కొచ్చి మళ్ళీ ముక్కలు కోసీడమేటి, పాత చీరలు లేవా?" అంది. మంచి ప్రశ్నే. పాత చీరని పొరలు పొరలుగా వేసి మొత్తం బొంతగా కుడితే దానికి సాటి లేదు, మెత్తదనం అలాంటిది. చదరాలుగా కోసి కొత్త గుడ్డ పక్కన అతికితే మాత్రం నిలవదు. ఉతికి ఉతికి నలిగిన నూలు కుట్టు పక్కన లాగుడికి చిరుగుతుంది, గట్టిగా ఉన్న కొత్త ముక్క దాన్ని ఇంకా లాగుతుంది. ఏడాది తిరక్కుండా మధ్యలో కన్నాలు పడితే మిగతా ముక్కల కష్టం కూడా పోతుంది. పాత చీరని మధ్య పొరకి వాడుకోండి, అక్కడ అది బంగారం.

టైలర్ పీలికలు ఎందుకు వద్దన్నాను

జాకెట్టు కోశాక మిగిలేవి చంక దగ్గర, మెడ దగ్గర ఒంపులుగా వచ్చిన ముక్కలు. ఎక్కువ భాగం క్రాస్‌లో ఉంటాయి, 5 అంగుళాల చదరం దారం వెంట వచ్చే ముక్క సంచీ అంతా వెతికితే పది కూడా దొరక్కపోవచ్చు. పైగా పట్టు, నైలాన్, నెట్, జరీ, లైనింగ్ అన్నీ కలిసి ఉంటాయి. జరీ ముక్క పసిబిడ్డ ఒంటికి గీరుకుంటుంది. లైనింగ్ గుడ్డ పల్చన, ముదురు రంగులైతే రంగు కూడా వదలొచ్చు. ప్రతి ముక్కా కాల్చి చూడాలి, ఉతకాలి, ఇస్త్రీ చేయాలి, తిన్నగా చేయాలి. అనుభవం వచ్చాక, కొలత లేకుండా ముక్క మీద ముక్క అతుక్కుంటూ పోయే రకానికి ఇవి బ్రహ్మాండంగా పనికొస్తాయి. మొదటిసారికి కాదు.

పొందూరు ఖద్దరు గురించి కూడా అడుగుతుంటారు, మన జిల్లా గుడ్డ కదా, దానితో చదరాలు కోసుకుంటే ఎలా ఉంటుందని. వాలుగ చేప దవడ ఎముకతో దూది దువ్వి, చేత్తో వడికి, చేత్తో నేసిన గుడ్డ అది. చేతి నూలు కాబట్టి దారం మందం అక్కడక్కడా మారుతుంది, నేత మిల్లు పాప్లిన్ అంత బిగువుగా ఉండదు, పావు అంగుళం కుట్టు దగ్గర దారాలు జారే అవకాశం ఎక్కువ. ధర కూడా తెలిసిందే. మీ చెయ్యి కుదిరాక, అన్నీ ఖద్దరు ముక్కలతోనే, ముందు బాగా నానబెట్టి ఉతికి, కుట్టు కొంచెం వెడల్పుగా పెట్టుకుని చేయండి. మొదటి బొంతలో పాప్లిన్‌తో కలిపి కుట్టొద్దు.

డబ్బు లెక్క

ధరలు ఎప్పటికప్పుడు మారతాయి కాబట్టి లెక్క వేసే పద్ధతి చెప్తాను. ప్యాక్ ధరకి కొరియర్ ఖర్చు కలిపి ముక్కల సంఖ్యతో భాగించండి. 44 పన్నా గుడ్డ మీటరు ధరని 56తో భాగించండి, ఎందుకంటే మీటరులో 5 అంగుళాల ముక్కలు అడ్డంగా 8, నిలువుగా 7 వస్తాయి. రెండిటికీ తేడా కనిపిస్తుంది, విదేశీ ప్యాక్ అయితే బాగా కనిపిస్తుంది. చిన్న బొంతకి ఆ తేడా భరించొచ్చు. ఒకరు పడుకునే మంచానికి, 60 అంగుళాలకి 90 కావాలనుకోండి, 14 వరసలు 20 చొప్పున 280 ముక్కలు, అంటే 42 ముక్కల ప్యాకులు 7 కొనాలి. అవే ముక్కలు 44 పన్నా గుడ్డ 5 మీటర్లలో వచ్చేస్తాయి. కాబట్టి మంచం బొంతకి చిన్న ప్యాకులు కొనడం దండగ, ఇది మొహమాటం లేకుండా చెప్తున్నాను.

ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు సెంటీమీటర్ల సంగతి చూసుకోండి. చవగ్గా దొరికే చేతిపనుల కట్టలు చాలావరకు 10 సెంటీమీటర్లు, 25 సెంటీమీటర్ల ముక్కలు. 25 సెంటీమీటర్లంటే 10 అంగుళాలకి కొంచెం తక్కువ, నాలుగు చేస్తే 5 అంగుళాల ముక్కలు రావు. అన్నీ అవే వాడితే ఇబ్బంది లేదు, అంగుళాల ప్యాక్‌తో కలిపితేనే గోల. నూరు శాతం కాటన్ అని స్పష్టంగా రాసి ఉందా, ముక్కల సంఖ్య ఉందా, వెనక్కి తీసుకుంటారా అన్నవి మూడూ చూడండి. పాచ్‌వర్క్ గుడ్డ అని రాసి ఫొటోలో కొలత చెప్పని వాటి జోలికి పోవద్దు. పలాస అయినా బొబ్బిలి అయినా కొరియర్ వస్తుంది, బాగాలేనిది తిరిగి పంపడమే తలనొప్పి.

ప్యాక్ కొన్నామంటే బొంత సామానంతా వచ్చేసిందని కూడా అనుకోకండి, అందులో వచ్చేది పైపొర ఒక్కటే. 27 అంగుళాలకి 31న్నర పైపొరకి వెనక గుడ్డ నాలుగు పక్కలా మూడు నాలుగు అంగుళాలు ఎక్కువ ఉండాలి, 44 పన్నా గుడ్డ ఒక మీటరు సరిపోతుంది, కాకపోతే ఉతికి తగ్గుతుంది కాబట్టి 10 సెంటీమీటర్లు ఎక్కువ అడగండి. చుట్టూ అంచు పట్టీకి రెండున్నర అంగుళాల వెడల్పువి నాలుగు పట్టీలు, అంటే 10 అంగుళాల గుడ్డ, ఉతకడానికి కలిపి ముప్పై సెంటీమీటర్లు చాలు. మధ్యలో పెట్టడానికి అమ్మే మెత్తటి పొర, దాన్నే బ్యాటింగ్ అంటారు, దొరికితే మంచిదే, మన వాతావరణానికి అది మందం తక్కువున్నది తీసుకోండి. లేకపోతే మెత్తబడ్డ నూలు చీర రెండు మూడు మడతలు. విడి దూది పరచొద్దు, దగ్గర దగ్గరగా కుట్లు పడకపోతే రెండు ఉతుకులకే ఒక మూలకి చేరి ఉండకడుతుంది.

ముక్కలు చేతికొచ్చాక మిషన్ దగ్గరికి పరుగెత్తకండి. మంచం మీద దుప్పటి పరిచి 42 ముక్కలూ వరసగా పెట్టి, ఫోన్‌తో ఫొటో తీసి, దాన్ని నలుపు తెలుపులోకి మార్చి చూడండి. రంగులు పోయి ముదురు, లేత మాత్రమే కనిపిస్తాయి, ముదురువన్నీ ఒక మూల గుంపుకట్టి ఉంటే అప్పుడు బయటపడుతుంది. ప్యాక్‌లో రంగులు కుదిరి ఉంటాయి కానీ ముదురు లేతల సర్దుబాటు మీదే. సర్దాక ఒక్కో వరస ముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చి, వరస నంబరు రాసిన చీటీ పిన్నుతో గుచ్చండి. వరసలు కుట్టాక మొదటి వరస కుట్టు మడతలన్నీ కుడికి, రెండో వరసవి ఎడమకి, మూడోది మళ్ళీ కుడికి ఇస్త్రీ చేయండి. ఇస్త్రీపెట్టె లాగకుండా పెట్టి ఎత్తాలి, లాగితే ముక్క సాగుతుంది. అలా చేస్తే రెండు వరసలు కలిపేటప్పుడు మడతలు ఎదురెదురుగా వచ్చి ఒకదానికొకటి ఆనుకుంటాయి, వేళ్ళకి ఆ గట్టు తగులుతుంది, అక్కడ పిన్ను పెట్టి కుట్టండి, పిన్ను దాకా వచ్చాక తీసేయండి, సూది దాని మీద నుంచి పోనివ్వొద్దు.